వ్యూస్ సరే... చూసిందెందరు?

వీడియో పెట్టిన గంటకోసారి ఫోన్ తీసి చూసుకునే నంబరు ఒకటుంది. అది పెరిగితే పండగ, ఆగిపోతే దిగులు. డిగ్రీ, బీటెక్ ఫైనలియర్‌లో ఉండి పక్కన ఒక చానల్ నడుపుతున్నవాళ్లు ఊరికి ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. ‘మూడు లక్షల వ్యూస్ వచ్చినయన్నా, జాబ్ ట్రయల్స్ మానేసి దీని మీదే కూర్చోవాలా?’ అని అడిగేవాళ్లు నాకు తరచూ తగులుతుంటారు. సమాధానం చెప్పే ముందు నేనొక ఎదురు ప్రశ్న వేస్తా: ఆ మూడు లక్షల్లో వీడియో సగం వరకైనా చూసింది ఎందరు? చాలామంది దగ్గర దీనికి జవాబుండదు.

ఈ జవాబు తెలిసినవాళ్లకు రెండు లాభాలు. చానల్ మీద ఇంకో ఏడాది పెట్టాలా వద్దా అన్నది లెక్క చూసి తేల్చుకోవచ్చు. చానల్ నడవకపోయినా ఆ లెక్క చదవగలిగే నేర్పు ఉద్యోగానికి పనికొస్తుంది. అందుకే ఈ వారం ఆన్‌లైన్ వీడియోల ప్రేక్షకుల లెక్క సంగతి చూద్దాం.

జహీరాబాద్‌కు ఇది కొత్త ప్రశ్న కాదు

యూట్యూబ్‌లో మొదటి వీడియో 2005 ఏప్రిల్ 23న వచ్చింది. నిడివి 19 సెకన్లు. అంతకుముందే జహీరాబాద్ పక్కన పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు వీడియో కెమెరాలు పట్టారు. ఎక్కువమంది దళిత మహిళా రైతులు, బడి మొహం పెద్దగా చూడనివాళ్లు. వరంగల్ బీటీ పత్తి రైతుల కష్టాల మీద వాళ్లు 2003లో తీసిన డాక్యుమెంటరీని ఇతర దేశాల్లో కూడా చూశారు. 2008 అక్టోబర్ 15న జహీరాబాద్‌కు దగ్గర్లోని మాచ్‌నూర్‌లో వాళ్ల ‘సంగం రేడియో’ 90.4 మెగాహెర్ట్జ్ మీద మొదలైంది.

ఈ సొసైటీ వ్యవస్థాపకుల్లో ఒకరైన పి.వి.సతీష్ అంతకుముందు దూరదర్శన్‌లో ప్రొడ్యూసర్. 1975 ఆగస్టు నుంచి 1976 జులై దాకా నడిచిన ‘సైట్’ ఉపగ్రహ టీవీ ప్రయోగంలోనూ ఆయన పనిచేశారు. ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 ఊళ్లలో ఊరికో టీవీ పెట్టి, అమెరికా ఉపగ్రహం ద్వారా కార్యక్రమాలు చూపించిన ప్రయోగమది. ఎవరు చూస్తున్నారు, ఎంత అర్థమైంది అని తెలుసుకోవడానికి పరిశోధకులు ఊళ్లకే వెళ్లారు.

ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. ఊళ్లో తెర కట్టి సినిమా వేస్తే తలలు లెక్కపెడితే చాలు. మధ్యలో లేచిపోయింది ఎవరో కూడా కళ్లముందే కనిపిస్తుంది. రేడియోలో మాట గాల్లోకి వెళ్లాక ఎన్ని ఇళ్లలో విన్నారో తిరిగి అడిగితే తప్ప తెలియదు. ఆన్‌లైన్ వీడియోలో ప్రతి నొక్కుడూ సర్వర్‌లో నమోదవుతుంది. అంటే లెక్క పక్కాగా ఉండాలి కదా? అక్కడే చిక్కుంది. నమోదైన దాంట్లో దేన్ని ‘చూడటం’ అనాలో నిర్ణయించేది ప్లాట్‌ఫామే.

ఒక్కో యాప్‌కు ఒక్కో కొలత

సంతలో అందరూ కిలో అనే అంటారు గానీ తక్కెడలు వేరు. వ్యూస్ సంగతీ అంతే. యూట్యూబ్ మామూలు వీడియోల విషయంలో, నిజమైన మనిషి చూడాలనుకుని చూసిందే వ్యూ అంటుంది. బాట్లు, వీడియో దానంతటదే రిపీట్ అయ్యే పేజీలు, మోసపు క్లిక్‌లను ఏరేస్తుంది. ఎన్ని సెకన్లు చూస్తే వ్యూ పడుతుందన్నది మాత్రం బయటపెట్టదు. పెడితే సరిగ్గా అన్ని సెకన్లే నడిపే సాఫ్ట్‌వేర్‌లు మర్నాడే వస్తాయి.

షార్ట్స్‌లో సంగతి వేరు. 2025 మార్చి 31 నుంచి షార్ట్ మొదలైతే చాలు వ్యూ పడుతోంది, మళ్లీ తిరిగితే ఇంకొకటి. కనీసం ఇంతసేపు చూడాలన్న షరతు లేదు. పాత పద్ధతి లెక్క ‘ఎంగేజ్డ్ వ్యూస్’ పేరుతో అనలిటిక్స్‌లో విడిగా ఉంటుంది. డబ్బు లెక్కలకు ఇప్పటికీ అదే ఆధారం. ఆ తేదీ తర్వాత షార్ట్స్ వ్యూస్ ఒక్కసారిగా పెరిగి ఉంటే, మీ వీడియో మారిందనుకునే ముందు కొలత మారిందని గుర్తుంచుకోండి.

ఫేస్‌బుక్ చాలాకాలం 3 సెకన్లు ఆడితే వ్యూ అంది. ఇక యూట్యూబ్‌లో వచ్చే, దాటవేయగలిగే ప్రకటనలకు 30 సెకన్లు చూడాలి, లేదా అంతకంటే చిన్న ప్రకటనైతే పూర్తిగా చూడాలి. కాబట్టి ‘ఇన్‌స్టాలో 50 వేలు, యూట్యూబ్‌లో 5 వేలు, ఇన్‌స్టానే బెటర్’ అని తేల్చేయడం, లీటర్లను మీటర్లతో పోల్చడం లాంటిది.

301 దగ్గర ఎందుకు ఆగేది?

పాత యూట్యూబ్ గుర్తున్నవాళ్లకు ఈ సంగతి తెలుసు. వేల లైకులున్న వీడియోకు వ్యూస్ మాత్రం 301 అనే చూపించేది. మొదటి కొన్ని వందల వ్యూస్‌ను వెంటవెంటనే చూపించి, ఆపైన లెక్క ఆపి, వచ్చినవి నిజమా కాదా అని సరిచూసుకునేవాళ్లు. 2015 ఆగస్టులో ఆ పద్ధతి తీసేశారు. వడపోత మాత్రం ఆగలేదు. పొద్దున కనిపించిన వ్యూస్ సాయంత్రానికి కాస్త తగ్గితే కంగారు పడక్కర్లేదు, ఏరివేత జరిగిందంతే.

సీఎస్ విద్యార్థులకు పనికొచ్చే సంగతి ఇంకొకటి. 2012 డిసెంబర్‌లో ‘గంగ్నమ్ స్టైల్’ పాట 100 కోట్ల వ్యూస్ అందుకున్న తొలి వీడియో అయింది. అప్పటి కౌంటర్ 32 బిట్ల పూర్ణాంకం. అందులో పట్టే గరిష్ఠ సంఖ్య 214 కోట్ల 74 లక్షల 83 వేల 647. పాట దానికి చేరువ కావడంతో ఇంజినీర్లు కౌంటర్‌ను 64 బిట్లకు మార్చారు. 2014 డిసెంబర్‌లో యూట్యూబే ఈ సంగతి ప్రకటించింది. ‘ఇంటీజర్ ఓవర్‌ఫ్లో అంటే ఏంటి?’ అని ఇంటర్వ్యూలో అడిగితే పుస్తకంలో నిర్వచనం కంటే ఈ ఉదాహరణ బాగా పనిచేస్తుంది.

కింది సంఖ్య మారితే లెక్కే మారుతుంది

2016 సెప్టెంబర్‌లో ఫేస్‌బుక్ ఒక తప్పు ఒప్పుకుంది. వీడియోల ‘సగటు వీక్షణ సమయం’ రెండేళ్లపాటు ఎక్కువ చేసి చూపించామంది. ఎక్కడ జరిగిందంటే భాగహారంలో. చూసిన మొత్తం సమయాన్ని, వీడియో మొదలుపెట్టిన అందరితో భాగించాల్సింది పోయి 3 సెకన్లు దాటినవాళ్లతోనే భాగించారు.

చిన్న లెక్క వేద్దాం. పదిమంది వీడియో తెరిచారు. నలుగురు ఒక్క సెకనుకే జారుకున్నారు. ఆరుగురు 30 సెకన్ల చొప్పున చూశారు. మొత్తం 184 సెకన్లు. పదితో భాగిస్తే సగటు 18.4. ఆరుతో భాగిస్తే 30.7. అదే వీడియో, అదే జనం, సగటు మాత్రం మూడింట రెండు వంతులు పెరిగింది. అప్పట్లో ఫేస్‌బుక్ చెప్పిన అతిశయం కూడా 60 నుంచి 80 శాతమే. ఆ సగటును నమ్మి ప్రకటనలకు డబ్బు పెట్టినవాళ్లు కోర్టుకెక్కారు. 2019లో కేసు 4 కోట్ల డాలర్లకు రాజీ అయింది. ఆరో తరగతి భాగహారం విలువ అది!

మన దేశంలోనూ ఒక ముచ్చటుంది. 2019 జులైలో ర్యాపర్ బాద్‌షా ‘పాగల్’ పాట 24 గంటల్లో ఏడున్నర కోట్ల వ్యూస్ దాటి ప్రపంచ రికార్డు కొట్టిందన్నారు. అందులో ప్రకటనల ద్వారా వచ్చిన వ్యూస్ చాలా ఉన్నాయని బయటపడింది. ప్రకటన కొనడం అప్పటి నిబంధనలకు విరుద్ధమేమీ కాదు. కానీ ఆ సెప్టెంబర్‌లో యూట్యూబ్ నియమం మార్చింది. 24 గంటల రికార్డుల్లో, మ్యూజిక్ చార్టుల్లో ప్రకటనల వ్యూస్ లెక్కలోకి రావంది. మన హీరోల టీజర్ రికార్డుల పోస్టర్లు చూసినప్పుడు ‘ఈ వ్యూస్ ఏ దారిలో వచ్చాయి?’ అన్న ప్రశ్న వేసుకోండి, చాలు.

స్టూడియోలో ఏం చూడాలి?

యూట్యూబ్ స్టూడియో తెరిచి అనలిటిక్స్‌లోకి వెళ్లండి. వ్యూస్ అంకెను కాసేపు పక్కన పెట్టి, ఈ ఐదూ చదవడం నేర్చుకోండి.

ఇంప్రెషన్స్: మీ థంబ్‌నెయిల్ ఎన్నిసార్లు జనం కంటపడింది. కనీసం సగం బొమ్మ, ఒక సెకను కంటే ఎక్కువసేపు తెర మీద కనిపిస్తేనే లెక్క. యూట్యూబ్ లోపల కనిపించినవే ఇందులోకొస్తాయి. ఊరి వాట్సాప్ గ్రూప్‌లో మీరు పంపిన లింకు ఇందులో పడదు.

సీటీఆర్: కంటపడిన నూరుసార్లలో ఎన్నిసార్లు నొక్కారు. యూట్యూబ్‌లోని సగం చానళ్లకు, వీడియోలకు ఇది 2 నుంచి 10 శాతం మధ్య ఉంటుందని ఆ సంస్థే చెబుతుంది. కొత్త చానల్‌కు మొదట్లో 15 శాతం కనిపించిందంటే పొంగిపోకండి. చూపించిందే కొద్దిమందికి, వాళ్లలో చాలామంది మీ దోస్తులే అయి ఉంటారు. ఎక్కువమందికి చూపించేకొద్దీ శాతం తగ్గడం మామూలే.

సగటు వీక్షణ సమయం, రిటెన్షన్ గ్రాఫ్: అసలు కథ ఇక్కడుంది. ఏ సెకనులో ఎంతమంది మిగిలారో గీత చెబుతుంది. మొదటి 30 సెకన్లలోనే గీత నిలువునా పడితే, ‘హాయ్ ఫ్రెండ్స్, వెల్‌కమ్ టు మై చానల్’ దగ్గరే జనం వెళ్లిపోతున్నట్టు. మధ్యలో గుట్టలా లేస్తే, ఆ ముక్కను వెనక్కి తిప్పి మళ్లీ చూశారన్నమాట. తర్వాతి వీడియోకు విషయం దొరికినట్టే.

ట్రాఫిక్ సోర్స్: సెర్చ్ నుంచి వచ్చారా, యూట్యూబ్ సిఫారసు చేస్తే వచ్చారా, బయటి లింకు నుంచా? సెర్చ్ ద్వారా వచ్చే వీడియో నెమ్మదిగా, ఏళ్ల తరబడి నడుస్తుంది. సిఫారసు మీద లేచింది నాలుగు రోజుల్లో చల్లారిపోవచ్చు.

యూనిక్ వ్యూయర్స్: ఒకే మనిషి పదిసార్లు చూస్తే వ్యూస్ పది, మనిషి ఒక్కడే. దీన్ని యూట్యూబ్ అంచనా వేసి చెబుతుంది. ఇందులో ఊళ్ల పరిస్థితి పూర్తిగా కనిపించదు. ఇంట్లో ఒక్క ఫోన్‌లో నలుగురు కలిసి వంట వీడియో చూస్తే లెక్కకొచ్చేది ఒకరే. టీవీ రేటింగులిచ్చే బార్క్ దారి వేరు. కొన్ని వేల ఇళ్లను నమూనాగా తీసుకుని, టీవీ ముందు ఎవరు కూర్చున్నారో ఇంట్లోవాళ్లే బటన్ నొక్కి చెప్పేలా మీటర్లు పెడుతుంది. అక్కడ మనుషులు తెలుస్తారు గానీ నమూనా చిన్నది. ఇక్కడ ప్రతి ఫోనూ లెక్కలో ఉంటుంది గానీ దాని ముందు ఎందరున్నారో తెలియదు.

యూట్యూబ్ కూడా 2012లోనే క్లిక్‌ల కంటే చూసిన సమయానికి పెద్దపీట వేస్తూ సిఫారసుల పద్ధతి మార్చుకుంది. కారణం తేలికే. ‘షాకింగ్’ అని థంబ్‌నెయిల్ పెట్టి లోపల ఏమీ లేని వీడియోలకే క్లిక్‌లు ఎక్కువ పడేవి.

డబ్బు లెక్క

ప్రకటనల ఆదాయం రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, గత 12 నెలల్లో 4,000 గంటల వీక్షణ ఉండాలి. లేదా 90 రోజుల్లో కోటి షార్ట్స్ వ్యూస్. షార్ట్స్ ఫీడ్‌లో చూసిన సమయం ఈ 4,000 గంటల్లో కలవదు. చాలామంది దెబ్బతినేది ఇక్కడే.

4,000 గంటలంటే 2,40,000 నిమిషాలు. మీ వీడియోను సగటున 2 నిమిషాలు చూస్తుంటే 1,20,000 వ్యూస్ కావాలి. అదే 4 నిమిషాలు చూస్తే 60,000 చాలు. వ్యూస్ రెట్టింపు చేయడం తేలికా, మొదటి నిమిషం బాగుచేసి జనాన్ని ఇంకో రెండు నిమిషాలు కూర్చోబెట్టడం తేలికా? మీరే ఆలోచించుకోండి.

అర్హత వచ్చాక మామూలు వీడియోల ప్రకటన ఆదాయంలో 55 శాతం, షార్ట్స్‌లో మీ వాటాకు లెక్కగట్టిన దాంట్లో 45 శాతం చేతికొస్తుంది. సీపీఎం, ఆర్పీఎం కలగలపకండి. వెయ్యి ప్రకటనలు చూపించినందుకు ప్రకటనదారు కట్టేది సీపీఎం. వెయ్యి వ్యూస్‌కు మీ వాటాగా మిగిలేది ఆర్పీఎం. ఇంటి ఖర్చుకు పనికొచ్చేది రెండోదే.

మన ఊళ్ల నుంచి గెలిచినవాళ్లు లేరా అంటే ఉన్నారు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి శ్రీరామ్ శ్రీకాంత్ 2012లో మొదలుపెట్టిన ‘మై విలేజ్ షో’ గంగవ్వను ఇంటింటి మనిషిని చేసింది. 2020లో ఆమె బిగ్‌బాస్‌కు వెళ్లేనాటికి చానల్ వయసు ఎనిమిదేళ్లు. ఆంధ్రప్రదేశ్‌లో నూరేళ్లు దాటిన మస్తానమ్మ వంటలు ‘కంట్రీ ఫుడ్స్’కు పది లక్షలకు పైగా సబ్‌స్క్రైబర్లను తెచ్చాయి. వాళ్ల కష్టానికి దండం పెట్టాల్సిందే. కానీ మనకు కనిపించేది గెలిచినవాళ్లే. అదే పని అదే ఓపికతో చేసి వంద వ్యూస్ దగ్గర ఆగిపోయినవాళ్లు ఏ ఇంటర్వ్యూలోనూ కనిపించరు. గంగవ్వను చూసి ఉత్సాహం తెచ్చుకోండి, నిర్ణయం మాత్రం మీ రిటెన్షన్ గ్రాఫ్ చూసి తీసుకోండి.

కొన్న వ్యూస్ కొంప ముంచుతాయి

‘వెయ్యి వ్యూస్ ఇంత, వెయ్యి సబ్‌స్క్రైబర్లు ఇంత’ అంటూ టెలిగ్రామ్‌లో వచ్చే ఆఫర్ల జోలికి పోకండి. యూట్యూబ్ నిబంధనల ప్రకారం అది నకిలీ ఎంగేజ్‌మెంట్. వ్యూస్ తీసేస్తారు, చానలే పోవచ్చు. అంతకంటే పెద్ద నష్టం ఇంకొకటి. కొన్న సబ్‌స్క్రైబర్ వీడియో చూడడు. రేపు ఒక సంస్థ ‘లక్ష మంది ఉండగా వీడియోకు రెండొందల వ్యూసేంటి?’ అని అడిగితే తల ఎక్కడ పెట్టుకుంటారు?

రెజ్యూమెలో ఎలా రాయాలి?

డిజిటల్ మార్కెటింగ్ ఏజెన్సీలు, ఎడ్‌టెక్ సంస్థలు, వార్తా సంస్థల డిజిటల్ విభాగాలు, ఓటీటీలు... వీటిలో సోషల్ మీడియా ఎగ్జిక్యూటివ్, కంటెంట్ అనలిస్ట్, డేటా అనలిస్ట్ లాంటి ఉద్యోగాలకు ఈ లెక్కలు చదవడం రోజువారీ పని. ‘3 లక్షల వ్యూస్ సాధించాను’ అని రాస్తే వాళ్లు పక్కకు తిప్పేస్తారు. ‘రిటెన్షన్ గ్రాఫ్ చూసి పరిచయం భాగాన్ని 40 సెకన్ల నుంచి 8 సెకన్లకు తగ్గించాను, తర్వాతి పది వీడియోల్లో సగటు వీక్షణ సమయం ఇంత నుంచి ఇంతకు పెరిగింది’ అని మీ సొంత అంకెలతో రాయండి. సమస్య, చేసిన మార్పు, ఫలితం మూడూ ఒక్క వాక్యంలో కనిపిస్తాయి.

సొంత చానల్ లేకపోయినా పర్లేదు. యూట్యూబ్ డేటా ఏపీఐ ఉచితం. రోజుకు 10,000 యూనిట్ల కోటా ఇస్తారు. వీడియోల వ్యూస్, లైకులు, కామెంట్ల సంఖ్య తెచ్చుకోవడానికి ఒక అభ్యర్థనకు ఒక యూనిటే ఖర్చు. ఎవరి చానల్ రిటెన్షన్ వాళ్లకే కనిపిస్తుంది కాబట్టి బయటివారికి దొరికేది ఈ బహిరంగ లెక్కలే. ప్రాజెక్టుకు అవి చాలు.

ఇలా చేయండి. వ్యవసాయం, వంట, పోటీ పరీక్షలు... ఏదో ఒక రంగంలో ఐదు తెలుగు చానళ్లు తీసుకోండి. 30 రోజులు ఒకే సమయానికి వాటి కొత్త వీడియోల వ్యూస్‌ను పైథాన్ ప్రోగ్రామ్‌తో నమోదు చేయండి. డేటాను ఎస్‌క్యూఎల్ టేబుల్‌లో పెట్టండి. వీడియో ఎన్నో రోజు నుంచి చల్లబడుతోంది, షార్ట్స్‌కూ పెద్ద వీడియోలకూ తేడా ఏంటి అని గ్రాఫులు గీయండి. సగటుతో పాటు మధ్యగతం కూడా ఇవ్వండి. ఎందుకంటే ఒక చానల్‌లో తొమ్మిది వీడియోలకు 500 చొప్పున, పదోదానికి 95,500 వ్యూస్ వస్తే సగటు 10,000. మధ్యగతం 500. ఆ చానల్ రేపు పెట్టబోయే వీడియోకు ఏది వస్తుందని మీరు పందెం కాస్తారు? ఇంటర్వ్యూలో ఈ ప్రశ్న మీరే లేవనెత్తి జవాబు చెబితే, ఎదుటివారు రెజ్యూమె మూసి మీతో మాట్లాడటం మొదలుపెడతారు.

ఇక, జాబ్ ట్రయల్స్ మానాలా అన్న ప్రశ్న. ఇప్పుడే మానొద్దు. ముందు మూడు నెలల గడువు పెట్టుకోండి. సగటు వీక్షణ సమయం, తిరిగి వచ్చే ప్రేక్షకుల సంఖ్య, సెర్చ్ నుంచి వచ్చే వాటా... ఈ మూడింటినీ ప్రతి ఆదివారం ఒక నోట్‌బుక్‌లో రాయండి. మూడూ నిలకడగా పెరుగుతుంటే చానల్‌కు ఇంకో ఆర్నెల్లు ఇవ్వొచ్చు, ఇంట్లోవాళ్లకు ఆ నోట్‌బుక్ చూపించి మాట్లాడొచ్చు. పెరగకపోతే, పన్నెండు వారాల ఆ నోట్‌బుక్కే మీ మొదటి అనలిటిక్స్ ప్రాజెక్టు. రెజ్యూమెకు జత చేసి అప్లై చేయడం మొదలుపెట్టండి.